కంచె దూకే గుర్రం



పల్లెటూళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. మందలో పది గొడ్లుంటే వాటిలో ఒకటి దొంగగొడ్డు అయి ఉంటుంది. దానికి తన మేత రుచించదు. ముందు ఎంత పచ్చగడ్డి వేసినా దాని కళ్ళు పక్కవాడి జొన్నచేను మీదనే ఉంటాయి. కాపరి కాస్త ఏమరుపాటుగా ఉన్నాడా, దడి తోసుకుని అవతల పడుతుంది. చేనుగలవాడు ఊరుకుంటాడా? వెనకటి రోజుల్లో అయితే దాన్ని తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టించేవాడు. గొడ్డుగలవాడు డబ్బు కట్టి విడిపించుకోవాలి. రెండు మూడుసార్లు అలా డబ్బు వదిలాక అతను దాని మెడకు ఒక గుదికొయ్య కట్టేవాడు. గొడ్డు పరుగెత్తబోతే ఆ కొయ్య మోకాళ్ళకు తగులుతుంది. ఇక అది బుద్ధిగా నడవవలసిందే.

ఆవుకూ గేదెకూ ఈ ఉపాయం చాలు. మరి గుర్రమైతే?

గుర్రం దడిని తోయదు, దూకుతుంది. అలా కంచెలు దూకే గుర్రానికి ఒకసారి అచ్చంగా మన గుదికొయ్యలాంటిదే కట్టి చూశారు. ఏం జరిగిందో ఈ నెల చెబుతాను. ఇది కట్టుకథ కాదు, నిజంగా జరిగినదే.

అమెరికాలో న్యూయార్కు నగరం పక్కనుంచి సముద్రంలోకి పొడుగ్గా చాచుకున్న దీవి ఒకటి ఉన్నది. దాన్ని లాంగ్ ఐలండు అంటారు. ఆ దీవిలో సెయింట్ జేమ్స్ అనే ఊళ్ళో, ఒక ఆడపిల్లల బడిలో, హ్యారీ డి లేయర్ అనే ఆయన గుర్రపుస్వారీ నేర్పుతూ ఉండేవాడు. ఆయన హాలెండు దేశంలో పుట్టి, 1950లో అమెరికా చేరి స్థిరపడ్డాడు. చేతిలో డబ్బు అంతంత మాత్రమే.

1956 ఫిబ్రవరిలో, బడిపిల్లలు ఎక్కడానికి నెమ్మదైన గుర్రం ఒకటి కావలసి వచ్చింది. డి లేయర్ పెన్సిల్వేనియా రాష్ట్రంలో న్యూ హాలెండు అనే ఊరి గుర్రాల సంతకు బయలుదేరాడు. దారిలో ఆలస్యమైంది. ఆయన చేరేసరికి వేలం కాస్తా ముగిసిపోయింది. మంచి గుర్రాలన్నిటినీ ఎవరెవరో కొనుక్కుపోయారు. ఎవరికీ అక్కరలేని గుర్రాలు కొన్ని మాత్రం ఒక లారీలోకి ఎక్కించి ఉన్నాయి. ఆ లారీ పోయేది కబేళాకు.

లారీ చెక్కల సందులోనుంచి ఒక బూడిదవన్నె గుర్రం ఆయనకేసి చూసింది. ఒళ్ళంతా మురికి. రొమ్ముమీద రాపిడి గుర్తులు. చాలాకాలం నాగలి లాగిన గుర్రమని చూడగానే తెలిసిపోతున్నది. అయినా దాని చూపులో బెదురు లేదు. డి లేయర్ దాన్ని కిందికి దింపించి చూశాడు. 80 డాలర్లకు బేరం కుదిరింది. ఆయన ఇంకాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే ఆ లారీ వెళ్ళిపోయేదే!

అది ఇల్లు చేరినప్పుడు నేలంతా మంచు. డి లేయర్ గారి పిల్లలు దానికి ‘స్నోమాన్’ అని పేరు పెట్టారు. అంటే మంచు మనిషి. పేరుకు తగినట్టే అది చల్లని గుర్రం. ఎంత పిరికిపిల్ల ఎక్కినా కదలకుండా నిలబడేది. బడిపిల్లలందరికీ అదంటే ముద్దు.

కొద్ది నెలలు గడిచినవి. ఆ చుట్టుపక్కల ఉండే వైద్యుడొకాయన తన కొడుకు కోసం నెమ్మదైన గుర్రం కావాలని అడిగాడు. కొన్న ధరకు రెట్టింపు ఇస్తానన్నాడు. డబ్బు అవసరమై డి లేయర్ సరేనన్నాడు. స్నోమాన్ వైద్యుడిగారి బీటికి వెళ్ళింది.

వెళ్ళడమైతే వెళ్ళింది గానీ, అక్కడ ఉన్నదా? ఉండలేదు! కంచె దూకి, అందరి తోటలూ తొక్కుకుంటూ, తిన్నగా డి లేయర్ గుర్రపుసాలకు వచ్చేసింది. దాన్ని తీసుకుపోయి మళ్ళీ దిగబెట్టారు. మళ్ళీ వచ్చింది. కంచె ఎత్తు పెంచారు. ఆ కంచె కూడా దూకి వచ్చింది. చివరకు దానికి ఒక తాడు కట్టి, ఆ తాడుకు పాత మోటారు టైరు కట్టారు. ఇదే నేను చెప్పిన గుదికొయ్య! ఇక ఎక్కడికీ పోదులే అనుకున్నారు.

స్నోమాన్ టైరు ఈడ్చుకుంటూ వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, ఈ గుర్రాన్ని ఏం చెయ్యాలి? “ఇంకా ఎత్తయిన కంచె కట్టాలి” అంటారా? అలా అంటే నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. గుర్రం ఎంత ఎత్తు దూకగలదు? అసలు ఎందుకు దూకుతుంది?

మొదటి ప్రశ్నకు జవాబు సులువు. 1949 ఫిబ్రవరి 5వ తేదీన దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో, వీన్యా దెల్ మార్ అనే ఊళ్ళో, ‘హువాసో’ అనే గుర్రం 2.47 మీటర్ల ఎత్తు దూకింది. రౌతు పేరు కెప్టెన్ అల్బెర్తో లార్రాగీబెల్. 2.47 మీటర్లంటే 8 అడుగులు దాటినట్టు. మీ నాన్నగారు చెయ్యి పైకెత్తి నిలబడినా ఆ వేలికొస చాలావరకు అంత ఎత్తుకు అందదు. ఇన్నేళ్ళయినా ఆ రికార్డును మరే గుర్రమూ దాటలేదు. అన్ని గుర్రాలూ హువాసోలు కావు, నిజమే. కాని మామూలు గుర్రం కూడా, మనసు పుడితే, మామూలు కంచెను దాటగలదు. మరి బీడంతా 8 అడుగుల గోడ కట్టగలమా?

ఇంకొక తమాషా చూడండి. దూకుడు పందేలకు గుర్రాలను ఎలా తయారుచేస్తారో తెలుసా? మొదట కర్రను తక్కువ ఎత్తులో పెట్టి దూకిస్తారు. అది అలవాటైతే ఇంకాస్త పైకి జరుపుతారు. మళ్ళీ ఇంకాస్త. స్నోమాన్ కంచె ఎత్తును కొంచెం కొంచెంగా పెంచినవాళ్ళు చేసింది కూడా అదే! దాన్ని ఆపుతున్నామనుకుంటూనే దూకడం నేర్పారన్నమాట. అందుకే, కంచె ఎత్తు పెంచక తప్పకపోతే ఒక్కసారే పెంచాలి. రోజుకు బెత్తెడు చొప్పున పెంచితే గుర్రానికి పాఠం చెప్పినట్టే.

ఇక రెండవ ప్రశ్న. గుర్రం ఎందుకు దూకుతుంది? అల్లరికి దూకుతుందని చాలామంది అనుకుంటారు. కాని గుర్రానికి కూడా దూకడం కష్టమైన పనే. ఒక మాదిరి గుర్రం బరువు 400, 500 కిలోలు ఉంటుంది. అంత బరువును వెనకకాళ్ళతో గాలిలోకి విసిరి, తిరిగి ముంగాళ్ళమీద దింపుకోవాలి. బీటిలో మేస్తున్న గుర్రాన్ని గమనించండి. దారిలో చిన్న దుంగ అడ్డుపడితే చాలావరకు పక్కనుంచి చుట్టి పోతుంది గానీ ఊరికే దూకదు. అలాంటిది నాలుగున్నర అడుగుల కంచె దూకిందంటే దానికి ఏదో బలమైన కారణం ఉండాలి. ఆ కారణాలు ముఖ్యంగా మూడు: ఆకలి, ఒంటరితనం, భయం.

మొదటిది ఆకలి. గుర్రం ఒడ్డుపొడుగులు చూసి దాని కడుపు పెద్ద బాన అంత ఉంటుందనుకుంటాం. కాని దాని జీర్ణకోశం 8 నుంచి 15 లీటర్లు పట్టే సంచి మాత్రమే. ఆవు అయితే గబగబా మేసి, తరవాత తీరిగ్గా పడుకుని నెమరు వేసుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు. కొంచెం కొంచెంగా ఎంతసేపయినా మేస్తూనే ఉండాలి. స్వేచ్ఛగా వదిలిన గుర్రం రోజుకు పదహారు గంటల దాకా మేస్తుంది! పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉలవలు పెట్టి, “కడుపునిండా పెట్టాం, ఇంకేం కావాలి?” అంటే లాభం లేదు. మధ్యలో పన్నెండు గంటలసేపు అది ఒట్టి నేలను చూస్తూ నిలబడాలి. కంచె అవతల పచ్చిక కనిపిస్తూ ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది? బీటిలో గడ్డి అయిపోయినప్పుడు ఎండుగడ్డి మోపు ఒకటి పడేస్తే, చాలా గుర్రాలకు కంచె మాటే గుర్తురాదు.

రెండవది ఒంటరితనం. గుర్రాల పూర్వులు చెట్టూచేమా లేని పెద్ద పెద్ద గడ్డిమైదానాల్లో మందలుగా బతికినవి. అక్కడ దాక్కునేందుకు చోటు లేదు. తోడేలు వస్తే పరుగెత్తడమొక్కటే దారి. అందుకని మందలో కొన్ని నేలమీద పడుకుని నిద్రపోతుంటే, ఏదో ఒకటి నిలబడి చెవులు రిక్కించి కాపలా కాస్తుంది. గుర్రం నిలబడి కునుకు తీయగలదని మీరు వినే ఉంటారు. నిజమే. కాని గాఢంగా నిద్రపోవాలంటే అది పడుకోవలసిందే. ఒంటరిగా ఉన్న గుర్రానికి కాపలా ఎవరు కాస్తారు? నిశ్చింతగా పడుకోవడానికి కూడా దానికి ధైర్యం చాలదు. మనిషి గుర్రాన్ని మచ్చిక చేసి నాలుగు వేల ఏళ్ళు దాటింది. అయినా ఈ స్వభావం దాన్ని వదల్లేదు. దూరాన మరొక గుర్రం సకిలిస్తే చాలు, ఒంటిగుర్రం కంచె వెంట అటూ ఇటూ పరుగులు పెడుతుంది. దూకినా దూకుతుంది.

దీనికి మందు కంచె కాదు, తోడు. మరొక గుర్రమైతే అన్నిటికంటె మంచిది. అది లేకపోతే గాడిదనో మేకనో తోడు పెడతారు. కొన్నిచోట్ల పందెపు గుర్రాల సాలల్లో కూడా మేకను ఉంచుతారు. అంత పెద్ద గుర్రం అంత చిన్న మేక పక్కన కుదురుగా నిలబడుతుంది!

మూడవది భయం. భయంతో బాటు చికాకు కూడా. కుక్కలు తరిమినా, టపాకాయలు పేలినా గుర్రం ముందు పరుగెత్తుతుంది, తరవాతనే ఆలోచిస్తుంది. వేసవిలో జోరీగలు ముసిరితే చెట్టునీడ కోసం వెతుకుతుంది. బీటిలో నీడగాని పాకగాని లేకపోతే బయటికి పోవాలని చూస్తుంది. పనీపాటా లేక రోజులతరబడి ఒకేచోట మూసిపెట్టిన గుర్రమూ అంతే.

స్నోమాన్ సంగతి మళ్ళీ ఆలోచించండి. అది కంచె దూకి ఏ పొలంలోకీ మేతకు పోలేదు. అడవులు పట్టి పోలేదు. దూకిన ప్రతిసారీ ఒకేచోటికి వచ్చింది. తనను లారీలోనుంచి దింపిన మనిషి ఉన్నచోటికి, తనకు తెలిసిన గుర్రాలు ఉన్నచోటికి వచ్చింది. అది ఎక్కడికి పోతున్నదో చూస్తే, ఎందుకు దూకుతున్నదో దానంతటదే తెలుస్తున్నది గదా!

అయితే, “తోడూ మేతా ఉంటే చాలు, కంచె అక్కరలేదు” అనుకోకండి. కంచె కావలసిందే. బీటి పక్కనే మోటార్లు పోయే రోడ్డు ఉండవచ్చు. చీకట్లో రోడ్డుమీదికి వచ్చిన గుర్రంవల్ల దానికీ ప్రమాదమే, బండిలో ఉన్న మనుషులకూ ప్రమాదమే. కంచె ఉండాలి. కాని అది గుర్రం కంటికి ఆనేదిగా ఉండాలి.

ఇక్కడ గుర్రం కన్ను గురించి కొంచెం తెలుసుకోవాలి. నేలమీద తిరిగే జంతువుల్లో గుర్రానికి ఉన్నంత పెద్ద కన్ను అరుదు. ఆ కళ్ళు మనకులాగా ముఖం ముందు కాక, తలకు రెండు పక్కలా ఉంటాయి. అందుచేత తల తిప్పకుండానే ఇంచుమించు చుట్టూ అంతా చూడగలదు. అది చూడలేని చోట్లు రెండే. ఒకటి సరిగ్గా తోక వెనక. అందుకే గుర్రం వెనకనుంచి చడీచప్పుడూ లేకుండా పోకూడదు, బెదిరి తంతుంది. రెండవది సరిగ్గా నుదుటి ముందు, ముక్కు కింద. కాబట్టి గుర్రం కంచె దగ్గరికి వచ్చేసరికి, చివరి క్షణంలో ఆ కంచె దానికి సరిగా కనిపించదు. ఎంత ఎత్తో, ఎక్కడ కాలు ఊనాలో నాలుగు అంగలు ముందుగానే చూసి లెక్కవేసుకోవాలి.

రంగుల సంగతి కూడా ఉన్నది. మనకు కనిపించే రంగులన్నీ గుర్రానికి కనిపించవు. నీలం, పసుపు తేడా దానికి తెలుస్తుంది. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియదు. బ్రిటన్‌లో గుర్రాలు అడ్డుకట్టలు దూకే పందేలు జరుగుతాయి. మనుషుల కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని ఆ అడ్డుకట్టల అంచులకు నారింజరంగు వేసేవారు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పరిశోధించి, ఆ రంగు గుర్రానికి పచ్చగడ్డిలో కలిసిపోయినట్టే ఉంటుందని తేల్చారు. అందుచేత 2022లో ఆ అంచులకు తెలుపు వేయడం మొదలుపెట్టారు. ఎన్నో ఏళ్ళుగా మనం మన కంటితో చూసి గుర్రానికి కంచె కట్టామన్నమాట!

ఇప్పుడు మంచి కంచె ఎలా ఉండాలో మీరే చెప్పగలరు. సన్నని తీగ ఒకటి లాగి కడితే గుర్రానికి అది కనిపించదు. పరుగున వచ్చి అందులో పడుతుంది. ముళ్ళతీగ అయితే మరీ ఘోరం. 1874లో అమెరికాలో గ్లిడ్డెన్ అనే రైతు ఈ ముళ్ళతీగకు పేటెంటు పొందాడు. పశువులను ఆపడానికి చవకైన సాధనమని అది ప్రపంచమంతటా పాకింది. ఆవు చర్మం మందం. పైగా ముల్లు తగిలితే ఆవు వెనక్కు తగ్గుతుంది. గుర్రానికి చర్మం పల్చన. తీగలో కాలు చిక్కుకుంటే బెదిరి, ఇంకా గట్టిగా గుంజుకుంటుంది. కాలు నరాలు తెగిన గుర్రం మళ్ళీ నడవడం కష్టం. దూకే గుర్రం ఉన్నచోట ముళ్ళతీగ కట్టడమంటే దానికి వల పన్నడమే.

గట్టి గుంజలు పాతి, వాటికి వెడల్పయిన అడ్డచెక్కలు కొట్టిన కంచె మంచిది. గుర్రాలకు నాలుగున్నర నుంచి అయిదు అడుగుల ఎత్తు మామూలుగా సరిపోతుంది. పై చెక్క గట్టిదిగా, తెల్లగా కనిపించేదిగా ఉండాలి. కంచె వెంట లోపలివైపు మట్టిదిబ్బలు, ఎరువుకుప్పలు ఉండనివ్వరాదు. అడుగు ఎత్తున్న దిబ్బమీద నిలబడిన గుర్రానికి అయిదడుగుల కంచె నాలుగడుగులదే గదా! మూలలు ఇరుకుగా ఉండరాదు. ఒక గుర్రాన్ని మరొకటి మూలకు తరిమితే దూకడం తప్ప దానికి గత్యంతరం ఉండదు. గేటు గడియ కూడా గట్టిది కావాలి. తెలివైన గుర్రం పెదవులతో గడియ తీసేస్తుంది. అప్పుడు దూకే శ్రమ కూడా ఉండదు!

కొత్తగా వచ్చిన గుర్రాన్ని చీకటిపడే వేళ బీటిలో వదలరు. పగటివేళ పగ్గం పట్టుకుని, కంచె వెంబడే చుట్టూ నడిపిస్తారు. “ఇదిగో, నీ ఇల్లు ఇంతవరకు” అని చూపించడమన్నమాట.

“మరి కాళ్ళకు బంధం వేస్తే సరిపోదా?” అని మీలో ఎవరైనా అడగవచ్చు. మన ఊళ్ళలో మేతకు వదిలిన గుర్రాలకూ గాడిదలకూ రెండు ముంగాళ్ళను కలిపి తాడుతో బంధం వేసేవారు. ‘ముందరికాళ్ళకు బంధం’ అనే మాట అలా పుట్టిందే. కాపరి దగ్గర ఉండి, మేత మేసేంతసేపు అయితే ఫరవాలేదు. కాని బంధం వేసిన గుర్రం కుప్పిగంతులు వేస్తూనే చాలాదూరం పోగలదు. అలాగే కంచె దూకబోయిందంటే కాళ్ళు విరగ్గొట్టుకుంటుంది. దూకే గుర్రానికి బంధమూ వద్దు, గుదికొయ్యా వద్దు.

ఇక కరెంటు కంచె మాట. దీని పుట్టుకలో కూడా ఒక గుర్రం ఉన్నది! న్యూజిలాండు దేశంలో బిల్ గల్లాఘర్ అనే ఆయనకు జో అనే గుర్రం ఉండేది. దానికి ఒళ్ళు దురద పుడితే చాలు, పోయి ఆయన మోటారుకారుకు రుద్దుకునేది. 1930లలో ఆయన ఒక ఉపాయం పన్నాడు. కారు కదిలితే గుర్రానికి చురుక్కుమనేలా తీగలు అమర్చాడు. జో మళ్ళీ కారు జోలికి వస్తే ఒట్టు! ఆ ఉపాయంనుంచే ఆయన పశువుల కోసం కరెంటు కంచెలు తయారుచేయడం మొదలుపెట్టాడు. ఈ రోజుల్లో చాలా దేశాల్లో గుర్రాల బీళ్ళకు వెడల్పయిన తెల్లని పట్టీ కడతారు. ఆ పట్టీలో సన్నని తీగలుంటాయి. ఒక ప్రత్యేకమైన యంత్రం వాటిలోకి సుమారు సెకనుకు ఒకసారి, సెకనులో వెయ్యోవంతుకన్న తక్కువ సేపు, కరెంటు పంపుతుంది. తగిలితే చురుక్కుమంటుంది గానీ ప్రాణహాని లేదు. గుర్రం ఒకటి రెండుసార్లు ముక్కుతో తాకి చూసి, ఇక దూరంగానే ఉంటుంది.

పిల్లలూ, ఇక్కడ ఒకమాట జాగ్రత్తగా వినండి. అడవిపందులు రాకుండా పొలం చుట్టూ తీగ లాగి, దానికి ఇళ్ళలో వాడే కరెంటును నేరుగా తగిలించేవాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. అది చురుక్కుమనిపించే కంచె కాదు, ప్రాణం తీసే ఉచ్చు. దానివల్ల పశువులూ, ఏనుగులూ, మనుషులూ కూడా చనిపోయారు. అది చట్టం ప్రకారం నేరం. అలాంటి తీగ కనిపిస్తే దగ్గరకు పోకండి. వెంటనే పెద్దవాళ్ళకు చెప్పండి.

సరే, స్నోమాన్ సంగతికి వద్దాం. టైరు ఈడ్చుకుంటూ వచ్చిన గుర్రాన్ని చూశాక డి లేయర్ మనసు మారిపోయింది. “ఇంత దూకే గుర్రాన్ని ఇంకొకరి కంచెలో పెట్టడమేమిటి?” అనుకుని, దాన్ని తిరిగి తనే తీసుకున్నాడు. ఇక అది పారిపోవలసిన అవసరం లేకపోయింది. అది పోవాలనుకున్న చోటు అదే గదా!

డి లేయర్ దానికి దూకుడు పందేలకు శిక్షణ ఇవ్వసాగాడు. విచిత్రమేమిటంటే, నేలమీద పరిచిన కర్రలను దాటమంటే స్నోమాన్ కాళ్ళు తట్టుకుని తూలిపోయేది. కర్రను పైకెత్తితే మాత్రం హాయిగా దూకేది. రెండేళ్ళు తిరిగేసరికి, 1958లో, న్యూయార్కు నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన జాతీయ అశ్వప్రదర్శనలో, వేలకు వేలు పోసి కొన్న జాతిగుర్రాలను వెనక్కు నెట్టి, నాగలి లాగిన గుర్రం దూకుడులో మొదటి బహుమానం కొట్టేసింది. మరుసటి ఏడు 1959లో మళ్ళీ గెలిచింది. ఇంకొక గుర్రాన్ని అడ్డంగా నిలబెడితే దానిమీదుగా కూడా దూకి చూపేది. ఇంటికి వచ్చాక మాత్రం పాత స్నోమానే. డి లేయర్ పిల్లలందరూ వరసగా దాని వీపుమీద కూర్చుంటే కదలకుండా మోసేది.

స్నోమాన్ 1974లో కన్నుమూసింది. 1992లో అమెరికా దేశపు దూకుడు గుర్రాల కీర్తిమందిరంలో దాని పేరు చేర్చారు. డి లేయర్ 2021 దాకా జీవించాడు.

దూకే గుర్రాలన్నీ బహుమానాలు గెలవవు. గెలవనక్కరా లేదు. కాని ఒకటి గుర్తుంచుకోండి. గుర్రం కంచె దూకితే, కర్రలూ సుత్తీ తెచ్చుకునే ముందు, బీటిలో ఒక పూట కూర్చుని చూడాలి. మేత ఉన్నదా? తోడు ఉన్నదా? నీడ ఉన్నదా? అది ఏ వైపు చూస్తున్నది? ఆ వైపున ఏమున్నది? ఆ లోటు తీర్చి, అప్పుడు కంచె కడితే, ఆ కంచె నిలుస్తుంది.

ఈ నెల మీకు రెండు పనులు. ఒక సుద్దముక్క తీసుకుని, అమ్మనో నాన్ననో సాయం అడిగి, గోడమీద 2.47 మీటర్ల ఎత్తున ఒక గీత గీయండి. దానికింద నిలబడి పైకి చూడండి. మనిషిని వీపుమీద మోస్తూ ఒక గుర్రం దాన్ని దాటిందని గుర్తుచేసుకోండి. ఇక రెండవ పని. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో తాడు తెంపుకుపోయే దూడో, గోడ దూకే మేకో, గేటు దాటే కుక్కో ఉండే ఉంటుంది. దాన్ని వారంరోజులు గమనించండి. అది ఎప్పుడు పోతున్నది, ఎక్కడికి పోతున్నది, పోయి ఏం చేస్తున్నది? రోజూ ఒక కాగితంమీద రాయండి. ఎందుకు పోతున్నదో మీకే తెలిసిపోతుంది. తెలిశాక నాకూ రాయండి.